వృద్ధాశ్రమాల్లో మందులు ఎవరు రాస్తున్నారు, ఎవరు చూస్తున్నారు? అధికారులకు, డాక్టర్లకు, హోమ్‌ల యజమానులకు ఒక బహిరంగ లేఖ

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల వైద్యారోగ్య, వయోవృద్ధుల సంక్షేమ, ఔషధ నియంత్రణ శాఖల అధికారులకు,
వృద్ధాశ్రమాలకు, ఎల్డర్ కేర్ హోమ్‌లకు విజిట్‌కి వెళ్లే డాక్టర్లకు,
ఆ హోమ్‌లు నడుపుతున్న యజమానులకు,

నమస్కారం.

నేను గుంటూరులో చాలా ఏళ్లు మందుల షాపు నడిపి మానేసిన రిజిస్టర్డ్ ఫార్మసిస్టుని. మా అక్క విజయవాడ శివార్లలో నెలనెలా డబ్బు కట్టించుకునే ఒక హోమ్‌లో ఉంటుంది. ఆ హోమ్ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే రేపు అక్కడ ఒక తనిఖీ, ఎల్లుండి ఒక నోటీసు, ఆ తర్వాత అందరూ మర్చిపోవడం. అంతటితో తీరే సమస్య కాదిది. నాకు తెలిసిన కుటుంబాల పెద్దవాళ్లు ఇంకొన్ని హోమ్‌లలో ఉన్నారు. మందులు తెలిసినవాణ్ని కదా అని వాళ్ల పిల్లలు అడిగితే ఆ డబ్బాలు కూడా చూశాను. కథ ఎక్కడా పెద్దగా తేడా లేదు.

ఈ లేఖకి ముందు మేం కొన్ని కుటుంబాల వాళ్లం కలిసి రాతపూర్వకంగా అర్జీలు ఇచ్చాం. ఒక కార్యాలయంలో ‘‘హాస్పిటల్ అయితే మా పరిధి, ఇది హాస్పిటల్ కాదు కదండీ’’ అన్నారు. ఇంకోచోట ‘‘తిండి, వసతి సరిగ్గా లేకపోతే చెప్పండి, మందుల విషయం మాకేం తెలుస్తుంది’’ అన్నారు. మూడోచోట మెడికల్ షాపు మీద ఫిర్యాదు అయితేనే తీసుకుంటామన్నారు. ఎవరూ కసురుకోలేదు. ఒకచోట కుర్చీ వేసి మజ్జిగ కూడా ఇచ్చారు. మర్యాదకి లోటు లేదు, అర్జీకి మాత్రం జవాబు లేదు. అందుకని ఇక అందరి ముందూ రాస్తున్నాను.

జరిగింది ఇదీ.

అక్కకి డెబ్బై ఎనిమిదేళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కొడుకు అమెరికాలో. మా ఇంట్లో నా భార్య ఆరోగ్యమే అంతంతమాత్రం. అందుకని హాస్పిటల్ నుంచి నేరుగా హోమ్‌కి తీసుకెళ్లాం. డిశ్చార్జ్ రోజు ఇచ్చిన చీటీలో రాత్రి నిద్రకి క్లోనాజెపామ్ అని ఉంది, పక్కన ‘5 రోజులు’ అని ఉంది. హోమ్ వాళ్లు ఆ చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. ‘5 రోజులు’ ఉన్న చోట కాగితం మడత పడింది, ఫొటోలో అది కనిపించదు. అప్పట్నుంచీ మందులన్నీ ఆ ఫొటో షాపుకి వాట్సాప్ చేసి తెప్పించారు. ఐదు రోజుల మాత్ర నెలల తరబడి నడిచింది.

అక్కకి ముందు నుంచీ బీపీకి అమ్లోడిపిన్ ఉంది, ఒక కంపెనీది. హాస్పిటల్ వాళ్లు రాసిందీ అమ్లోడిపినే, ఇంకో కంపెనీ పేరుతో. స్ట్రిప్పు వేరు, రంగు వేరు, పెద్దక్షరాల్లో ఉన్న పేరు వేరు. ఇంటి నుంచి వెళ్లిన డబ్బాలోది పొద్దున్న, హాస్పిటల్ చీటీలోది రాత్రి. రెండూ ఒకటేనని చెప్పేవాళ్లు లేరు. కొన్నాళ్లకి పాదాలు వాచాయి. అమ్లోడిపిన్ డోసు పెరిగితే పాదాలు వాస్తాయని షాపు కౌంటర్లో నాలుగేళ్లు పనిచేసిన కుర్రాడికి కూడా తెలుసు. హోమ్ నుంచి సిస్టర్ ఫోన్ చేసి ‘‘కాళ్లు వాచాయి సార్’’ అంటే, విజిట్‌కి వచ్చే డాక్టరుగారు ఫోన్‌లోనే లాసిక్స్, అంటే ఒంట్లో నీరు తీసే మాత్ర, వెయ్యమన్నారు. ఆయన చెవిన పడింది కాళ్ల వాపు ఒక్కటే. వాడుతున్న మందుల లిస్టు ఎవరూ చదివి వినిపించలేదు, ఆయన అడగలేదు.

లాసిక్స్ నీటితోపాటు సోడియం, పొటాషియం కూడా లాగేస్తుంది. పెద్దవాళ్లకి సోడియం పడిపోతే మాట తడబడుతుంది, మనుషుల్ని పోల్చుకోలేరు. అక్క రాత్రుళ్లు లేచి ‘‘మా ఇంటికి పోతాను’’ అంటూ తలుపులు లాగడం మొదలుపెట్టింది. ‘‘అమ్మగారు రాత్రి గొడవ చేస్తున్నారు సార్’’ అని మళ్లీ ఫోన్. మళ్లీ ఫోన్‌లోనే క్వెటియాపిన్, మానసిక రోగాలకి వాడే మత్తు కలిగించే మందు. ఆ మత్తులోనే బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పడిపోయింది.

ఆ తర్వాత చేర్చిన హాస్పిటల్లో ఫిజీషియన్ చేసిన మొదటి పని, డబ్బాలో ఉన్న స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిపించి వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు ఒక్కొక్కటే చదవడం. రక్తపరీక్షలో సోడియం తక్కువని తేలింది. రెండో అమ్లోడిపిన్ తీసేశారు, లాసిక్స్ తీసేశారు, క్వెటియాపిన్ తీసేశారు, నిద్రమాత్రని మాత్రం ఒక్కసారిగా ఆపకుండా తగ్గించుకుంటూ వచ్చారు. రెండో వారానికి అక్క నన్ను పేరు పెట్టి పిలిచి ‘‘మీ ఆవిడ మోకాళ్ల నొప్పి ఎలా ఉందిరా?’’ అంది. మతిమరుపు జబ్బు వచ్చేసింది, ఇంక ఇంతే అనుకున్నాం మేమంతా. తలకి స్కాన్ తీయించాలని మేనల్లుడు డబ్బు కూడా పంపాడు.

తర్వాత హోమ్‌లో మందుల రిజిస్టరు అడిగి చూశాను. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గడులు. నెల మొత్తానికి ఒకే పెన్ను, ఒకే వాలు, వరసగా టిక్కులు. అక్క హాస్పిటల్ బెడ్ మీద ఉన్న రోజులకి కూడా టిక్కులున్నాయి. డాక్టరు సంతకం ఒక్క పేజీలో కూడా లేదు.

హోమ్‌లో పనిచేసేవాళ్లు చెడ్డవాళ్లు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. అక్కకి తల దువ్వి, పక్కమీద పుండ్లు పడకుండా రాత్రి కూడా ఒత్తిగిలపెట్టిన ఆయమ్మ ఉంది. ఆవిడకి ఉన్న ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆవిడ చేతికి స్ట్రిప్పులు ఇచ్చి ‘ఇవి వేసెయ్’ అన్న పద్ధతిదే తప్పు. మాత్రలు మింగడం లేదని ఆవిడ వాటన్నిటినీ రోట్లో నూరి పెరుగన్నంలో కలిపి పెడుతుంది. అందులో ఎస్.ఆర్. అని రాసి ఉన్న షుగర్ మాత్ర కూడా ఉంటుంది. రోజంతా కొద్దికొద్దిగా కరగాల్సిన మందు నూరితే ఒక్కసారే ఒంట్లోకి దిగుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇక చట్టం సంగతి. కొత్తగా పుట్టించాల్సింది తక్కువే.

1945 నాటి ఔషధ నిబంధనల్లో 65వది చూడండి. ప్రిస్క్రిప్షన్ రాతలో ఉండాలి, డాక్టరు సంతకం, తేదీ ఉండాలి, రోగి పేరు, చిరునామా, ఎంత మందు ఇవ్వాలి, ఎంత డోసు వాడాలి అన్నది ఉండాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు దాని మీద రాస్తే తప్ప ఒక చీటీ మీద ఒక్కసారే మందు ఇవ్వాలి. అల్ప్రాజోలామ్, డయజెపామ్, జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకం మీద మరింత కట్టుదిట్టం ఉన్న మందుల జాబితాలో ఉన్నాయి. వీటికి షాపులో వేరే రిజిస్టరు పెట్టి, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రాసి మూడేళ్లు దాచాలి. పాత ఫొటో చూసి నెలనెలా నిద్రమాత్రలు కట్టి పంపుతున్న షాపుల రిజిస్టర్లలో ఏం రాసి ఉందో చూడండి. నా వృత్తి వాళ్లని నేనే ఇలా రాస్తే కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

2020లో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, ఫోన్‌లోనో వీడియోలోనో చూసి మందు రాసినా డాక్టరు సంతకం చేసిన ప్రిస్క్రిప్షన్ ఫొటో గానీ, ఈ-ప్రిస్క్రిప్షన్ గానీ పంపాలి. ఎక్కడో దూరాన ఉన్న రోగికి ఇంత పద్ధతి ఉంటే, రోజూ అదే మంచం మీద ఉండే మనిషికి ‘‘వేసెయ్ సిస్టర్’’ అన్న ఒక్క మాట ఎలా సరిపోతుంది?

అమెరికాలో ఇలాంటి దీర్ఘకాలిక నర్సింగ్ హోమ్‌లకి 1987లోనే సంస్కరణ చట్టం తెచ్చారు. అక్కడి ఫెడరల్ నిబంధనల ప్రకారం చేరిన మొదటి 90 రోజుల్లో 30 రోజులకోసారి, ఆ తర్వాత కనీసం 60 రోజులకోసారి డాక్టరు స్వయంగా చూడాలి. చూసినప్పుడల్లా మందులతో సహా మొత్తం వైద్యాన్ని సమీక్షించి, ఆర్డర్ల మీద సంతకం, తేదీ వెయ్యాలి. నెలకోసారి ఫార్మసిస్టు ప్రతి ఒక్కరి మందుల లిస్టూ పరిశీలించాలి. ‘అవసరమైతే వెయ్యండి’ అని రాసే మానసిక రోగాల మందులకి 14 రోజుల గడువు ఉంది. క్వెటియాపిన్ లాంటి వాటికైతే డాక్టరు మళ్లీ స్వయంగా చూడనిదే ఆ గడువు పొడిగించడానికి వీల్లేదు. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అనను. మన పిల్లలు అక్కడ ఉంటున్నారు, ఆ హోమ్‌ల మీద వాళ్లు చెప్పే ఫిర్యాదులూ విన్నాను. కానీ అక్కడ ఫిర్యాదు చేస్తే చూపించడానికి ఒక నిబంధన ఉంది, దాన్ని అడగడానికి ఒక అధికారి ఉన్నాడు.

మన దగ్గర ప్రైవేటు హాస్పిటళ్లకి, క్లినిక్కులకి 2002 నాటి రాష్ట్ర చట్టం ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమానికి 2007 నాటి కేంద్ర చట్టం ఉంది. డబ్బు కట్టించుకుని, బెడ్లు వేసి, ఇంజెక్షన్లు చేసి, ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్‌లో ఆహారం పోసే హోమ్ ఈ రెండింటి మధ్యా పడిపోతోంది. కేర్ హోమ్‌లకి రిజిస్ట్రేషన్ పెట్టే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకి వచ్చింది, చట్టం కాలేదు.

మా విన్నపాలు, ఏది ఎందుకో కలిపే రాస్తున్నాను.

1. ఎవరిది బాధ్యతో ముందు తేల్చండి. రెండు జిల్లాల్లో ఎన్ని హోమ్‌లున్నాయి, ఎంతమంది పెద్దవాళ్లున్నారు, వాళ్లలో ఎందరు మంచాన ఉన్నారు అన్న జాబితా తయారుచేసి బయట పెట్టండి. ఇంజెక్షన్లు, ట్యూబులు, ఆక్సిజన్ ఉన్న చోటుని ఒట్టి వసతిగృహంగా లెక్కవెయ్యకండి. 2007 చట్టం 19వ సెక్షన్ వృద్ధాశ్రమాల ప్రమాణాలు, అక్కడ అందాల్సిన వైద్యసేవల గురించి స్కీము రాసే అధికారం రాష్ట్రానికి ఇచ్చింది. అది పేద వృద్ధుల ఆశ్రమాలని దృష్టిలో పెట్టుకుని రాసిందే. అయినా ప్రమాణాలు రాయడం అక్కడ మొదలుపెట్టి, డబ్బు తీసుకునే హోమ్‌లకీ వర్తించేలా నిబంధన తేవచ్చు.

2. ప్రతి మనిషికీ ఒక డాక్టరు ఉండాలి. ఫైలు మొదటి పేజీలో ఆ డాక్టరు పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. హోమ్‌లో చేరిన వారంలోపు వచ్చి చూడాలి, మొదటి మూడు నెలలు నెలకోసారి, ఆ తర్వాత కనీసం రెండు నెలలకోసారి. చూడటం అంటే గుమ్మంలో నిలబడి ‘‘అంతా బాగేనా?’’ అనడం కాదు. వాడుతున్న మందులన్నీ ముందు పెట్టుకుని ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని రాసి సంతకం చెయ్యడం. బ్రోషర్ మీద ‘24 గంటల వైద్య పర్యవేక్షణ’ అని వేసుకునే హోమ్‌లు ఆ పర్యవేక్షించే డాక్టరు పేరు కూడా అక్కడే వెయ్యాలి. పేరు వెయ్యడానికి ఆ డాక్టరు ఒప్పుకోకపోతే ఆ మాట తీసెయ్యాలి.

3. ఫోన్ ఆర్డర్లు. వీటిని పూర్తిగా ఆపమని నేను అడగను. అర్ధరాత్రి జ్వరం వస్తే ఫోన్ చెయ్యక ఏం చేస్తారు? కానీ విన్న సిస్టర్ అక్కడికక్కడే రాసుకుని, మందు పేరు, డోసు తిరిగి చదివి వినిపించాలి, డాక్టరు అవునన్నాకే వెయ్యాలి. ఫోన్ చేసేటప్పుడు ప్రస్తుతం వాడుతున్న మందులు ముందు చదవాలి. 48 గంటల్లో డాక్టరు సంతకం పడాలి. పడకపోతే ఆ విషయం కుటుంబానికి తెలియజెయ్యాలి. అక్క విషయంలో మొదటి ఫోన్‌లో ఎవరైనా ఆ లిస్టు చదివి ఉంటే, రెండు అమ్లోడిపిన్లు అప్పుడే బయటపడేవి.

4. నిద్రమాత్రలు, మత్తు కలిగించే మందులు. ఇది అన్నిటికన్నా గట్టిగా అడుగుతున్నాను. క్లోనాజెపామ్ మోతాదు రక్తంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. అంటే నిన్నటిది పూర్తిగా పోకముందే ఇవాళ్టిది పడుతుంది. పెద్ద వయసులో అది ఇంకా నిలవుంటుంది. పగలంతా జోగడం, తూలడం, పడటం, తుంటి విరగడం. వృద్ధులకి వీలైనంతవరకు వాడకూడని మందుల జాబితా ఒకటి అమెరికా వృద్ధవైద్య నిపుణుల సంఘం ఎప్పటికప్పుడు సవరిస్తూ ప్రకటిస్తుంది. బీర్స్ జాబితా అంటారు. ఈ రకం నిద్రమాత్రలు అందులో ఉన్నాయి. క్వెటియాపిన్, ఒలాంజపిన్, రిస్పెరిడోన్ లాంటి మందుల్ని మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులకి వాడితే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే బాక్స్‌డ్ వార్నింగ్, అంటే చుట్టూ గీత గీసి ప్రత్యేకంగా వేసే గట్టి హెచ్చరిక, ఇచ్చింది. తప్పనిసరైన సందర్భాలు ఉంటాయి, కాదనను. ఆ సందర్భం ఏమిటో రాయండి. ఎందుకు వేస్తున్నారు, ఎప్పుడు ఆపుతారు అన్నది ఫైల్లో ఉండాలి, కుటుంబానికి చెప్పి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోవాలి, 14 రోజులు దాటితే డాక్టరు మళ్లీ వచ్చి చూడాలి. రాత్రి డ్యూటీకి ముప్పై మందికి ఒక్క ఆయమ్మని పెట్టి, ఆ లోటుని మాత్రలతో పూడ్చకూడదు.

5. షుగర్ ఉన్నవాళ్ల గురించి విడిగా చెప్పాలి. అన్నం తినకపోయినా టైమైందని ఇన్సులిన్ వేసేస్తే మనిషి కోమాలోకి వెళ్లిపోవచ్చు. ‘తినకపోతే వెయ్యకండి, ఇంత కన్నా తక్కువ ఉంటే ఫోన్ చెయ్యండి’ అన్న మాట ఆర్డర్‌లోనే ఉండాలి. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకి 40 యూనిట్లది, 100 యూనిట్లది. దేని సిరంజి దానికే. 40 సిరంజితో 100 ఇన్సులిన్ తీస్తే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. ‘4’ పక్కన ఇంగ్లీషు ‘యు’ అక్షరం గీస్తే అది సున్నాలా కనిపించి నాలుగు నలభై అవుతుంది. యూనిట్లు అని పూర్తిగా రాయమనండి.

6. హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీలో కొత్త మందులు మాత్రమే రాస్తున్నారు. పాతవాటిలో ఏది ఆపాలో కూడా రాయాలి.

7. నెలకోసారి ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు వచ్చి మందుల డబ్బాలు, చార్టులు పోల్చి చూడాలి. ఒకే మందు రెండు పేర్లతో ఉందా, ఒకటికొకటి పడనివి ఉన్నాయా, ఎక్స్‌పైరీ అయినవి ఉన్నాయా, నూరకూడనివి నూరుతున్నారా? రక్తం పలచబడే మందు వాడేవాళ్లకి రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష ఎప్పుడు చేశారు, ఆ మందు మీద నొప్పుల బిళ్లలు కూడా వేస్తున్నారా? ఇదంతా ఒక మనిషికి పది, పదిహేను నిమిషాల పని. రిటైరైన ఫార్మసిస్టులు గుంటూరు, విజయవాడల్లో కావలసినంత మంది ఉన్నారు. పిలిస్తే నాలాంటి వాళ్లం ఊరికే వస్తాం. రాసే అధికారం మాకు లేదు, రాయం. చూసి డాక్టరుకి చెబుతాం.

8. మందుల చార్టులో టిక్కు, మందు నోట్లో పడ్డాకే పడాలి. టైము, వేసినవాళ్ల పొట్టి సంతకం ఉండాలి. ఇంజెక్షన్లు క్వాలిఫైడ్ నర్సు తప్ప ఎవరూ చెయ్యకూడదు.

9. కుటుంబం అడిగితే చార్టు కాపీ ఇవ్వాలి. హాస్పిటల్లో చేరినవాళ్ల రికార్డులు మూడేళ్లు దాచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నియమావళి డాక్టర్లకి చెబుతోంది. అదే పద్ధతి ఇక్కడా పెట్టండి. రిజిస్టరు అడిగితే ‘‘మా మీద నమ్మకం లేదా?’’ అని నొచ్చుకోవడం, ఆ మాటతో అడిగినవాళ్లు సిగ్గుపడి ఊరుకోవడం, ఈ రెండూ పోవాలి.

డాక్టర్లకి ఒక మాట. మీలో కొందరితో మాట్లాడాను. ‘‘సంతకం పెడితే రేపు కన్జ్యూమర్ కేసు నా మీదే పడుతుంది’’ అన్నారు ఒకరు. ఆ టెన్షన్ అర్థమవుతుంది. కానీ సంతకం లేకపోవడం రక్షణ ఎలా అవుతుంది? ఫోన్‌లో మీరు ఐదు రోజులు అన్నారో, యాభై రోజులు అన్నారో రుజువు చేసే కాగితం మీ దగ్గరా లేదు. ఇంకొకరు హోమ్ ఇచ్చే విజిట్ ఫీజు పెట్రోలుకే చాలదన్నారు. అది నిజమే అయ్యుంటుంది. అయితే ఫీజు పెంచమని అడగండి. నెలకి వేలకి వేలు కడుతున్న కుటుంబాలు డాక్టరు నిజంగా వచ్చి చూస్తాడంటే ఇంకొంత కట్టడానికి వెనకాడవు. కట్టలేని పేద ఆశ్రమాల సంగతి ప్రభుత్వం చూడాలి. వృద్ధుల ఆరోగ్యానికి 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం ఉంది. పల్లెల్లో మంచాన పడ్డవాళ్ల ఇంటికి డాక్టరు వెళ్లేలా మన రాష్ట్రంలో 2023లో ఫ్యామిలీ డాక్టర్ విధానం పెట్టారు. ఊళ్లో తన ఇంట్లో మంచాన ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్లగలిగిన డాక్టరు, అలాంటి ఇరవై మంది ఒకేచోట ఉన్న ఆశ్రమానికి వెళ్లలేడా?

హోమ్‌ల యజమానులు ఇవన్నీ ఖర్చు అంటారు. ఖర్చే. ప్రస్తుతం ఆ ఖర్చు అంబులెన్సుకి, ఐసీయూకి, రెండో తుంటి ఆపరేషన్‌కి కుటుంబాలు పెడుతున్నాయి. ఎక్కడో అమెరికాలోనో, హైదరాబాదులోనో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో తల్లి జోగుతుంటే చూసి ‘వయసైపోయింది’ అనుకుంటున్నాడు. ఆ లెక్క ఎవరి పద్దులోనూ పడదు.

ఈ లేఖ చదివే కుటుంబాలకి ఒక జాగ్రత్త. ఇది చదివి ఈ రాత్రే మీ అమ్మానాన్నల మాత్రలు ఆపెయ్యకండి. ఎక్కువకాలం వాడిన నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, ఆయన చెప్పినట్టు తగ్గించండి. మందు వల్ల చెడు జరిగిందని అనుమానం వస్తే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పవచ్చు. దేశం మొత్తానికి మందుల దుష్ఫలితాలు నమోదుచేసే ఉచిత నంబరు అది. వృద్ధుల సమస్యలకి హెల్ప్‌లైన్ 14567.

అధికారులకి చివరి విషయం. తొమ్మిది విన్నపాలూ రేపే తీర్చమనడం లేదు. హోమ్‌లో మందుల గురించి ఫిర్యాదు ఉంటే ఏ కార్యాలయంలో, ఏ హోదాలో ఉన్న అధికారికి ఇవ్వాలో ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా ప్రకటించండి. 65వ నిబంధన, హెచ్1 రిజిస్టరు ఇప్పటికే ఉన్న చట్టాలు కాబట్టి, హోమ్‌లకి మందులు పంపే షాపుల తనిఖీకి కొత్త జీవో అక్కర్లేదు. అది వెంటనే మొదలుపెట్టండి. వచ్చే నెల మొదటి వారంలో మేం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు వేస్తున్నాం. రెండు జిల్లాల్లో ఎన్ని హోమ్‌లు ఎవరి దగ్గర నమోదయ్యాయి, ఒక్కోదాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఆ తనిఖీలో మందుల చార్టు చూశారా అన్నవి మా ప్రశ్నలు. ఆ చట్టం ప్రకారం ‘మా పరిధి కాదు’ అని దరఖాస్తు తిప్పి పంపడానికి వీల్లేదు. ఎవరి పరిధో వాళ్లకి ఐదు రోజుల్లో మీరే పంపాలి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబులు, రాని జవాబులు కూడా తీసుకుని హైకోర్టుకి వెళ్లడానికి ఒక వకీలుగారు ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
గుంటూరు
(కొన్ని కుటుంబాల తరఫున)